ఇద్దరికీ పదకొండే

బడి, పై అంతస్తు, స్టాఫ్‌రూము
జూలై 6

అత్తకు, నీ బుడ్డి నమస్కారాలు.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఏం కావాలో కాగితం మీద రాయి, తప్పులుంటే దిద్ది పంపుతాను" అంటావు. సరే, రాస్తున్నాను. ఎర్ర పెన్సిలు దగ్గర పెట్టుకో.

ఉద్యోగంలో చేరి నెలయింది. తొమ్మిదో తరగతి సి సెక్షన్‌కు లెక్కలు చెప్పమన్నారు. నలభై ఒక్కమంది. తెలివైన వాళ్ళు ఎ లో, బుద్ధిమంతులు బి లో, మిగిలిపోయిన వాళ్ళు సి లో. ఈ మాట నేను కల్పించింది కాదు, మా బడిలో పిల్లల ముందే అంటారు.

నేను బోర్డు మీద రాస్తాను, వాళ్ళు చూస్తారు. "అర్థమైందా?" అంటే "అయింది టీచర్" అని నలభై ఒక్క గొంతులు ఒక్కసారే లేస్తాయి. ఏమర్థమైందో చెప్పమంటే ఒక్క గొంతూ లేవదు. గోడలకు చెవులుంటాయంటారు కదా, ప్రస్తుతం నా పాఠం వింటున్నవి అవే. చివరి బెంచీలో ఇద్దరు అమ్మాయిలున్నారు. ఒకతె ఎప్పుడూ గోడకు ఆనుకుని కూర్చుంటుంది, పెదవులు మాత్రం కదులుతూ ఉంటాయి. పక్కది తాటిచెట్టంత పొడుగు, ఆ పెదవుల వైపే చూస్తుంది. పేర్లు నోటికి రాకముందు గోడపిల్ల, పొడుగుపిల్ల అని గుర్తు పెట్టుకున్నాను. కబుర్లు ఆపండని రోజుకు నాలుగుసార్లు అరుస్తున్నాను.

అసలు భయం వేరే ఉంది. డిసెంబరు పరీక్షలో లెక్కల్లో నూటికి ముప్పై ఐదు రాని వాళ్ళను తరగతి నుంచి తీసేసి వెనక షెడ్డుకు పంపుతామని పెద్దసారు చెప్పారు. షెడ్డులో అట్టపెట్టెలు అతికించడం నేర్పుతారు. పేరుకు అదీ బడే. మూడేళ్ళలో అక్కడి నుంచి తిరిగి తరగతికి వచ్చిన వాళ్ళు ఒక్కరూ లేరు.

నీ చేతి కింద చదివిన వాళ్ళు నిన్ను 'బెత్తం లేని పులి' అనేవాళ్ళు. బెత్తం లేకుండా ఎలా చదివించావో చెప్పు. నాకు చేతకావడం లేదు.

నీ
బుడ్డి

*

ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
జూలై 15

బుడ్డికి ఆశీస్సులు.

చేతిరాత చూసి కంగారు పడకు. కుడిచేతికి కాస్త వాపు వచ్చింది. పక్క వాటాలో బట్టలు కుట్టే ఆవిడ ఉంది, నేను చెబుతుంటే ఆవిడ రాస్తోంది. రాత గుండ్రంగా ఉంది, ఫర్వాలేదు. (ఈ ముక్క కూడా రాయమన్నారు. రాశాను.)

నీ ఉత్తరంలో తప్పులు రెండు. మొదటిది, 'చేతకావడం లేదు' అన్నావు. మన ఇంట్లో ఆ మాట వాడకూడదు. రెండోది, పిల్లలను బతిమాలుతున్నావు. బతిమాలితే పిల్లి కూడా పాలు తాగదు.

ఇలా చెయ్యి. ప్రతి శుక్రవారం ఇరవై ఐదు మార్కులకు చిన్న పరీక్ష పెట్టు. సోమవారం పొద్దున మార్కుల ప్రకారం కూర్చోబెట్టు. ఎక్కువ వచ్చిన వాళ్ళు మొదటి బెంచీ, తక్కువ వచ్చిన వాళ్ళు చివరి బెంచీ. సమానంగా వస్తే పక్కపక్కన. ఎవరినీ తిట్టకు, కొట్టకు. కూర్చునే చోటే వాళ్ళతో మాట్లాడుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, నువ్వు ఎవరి మనిషివీ కాకు. ముప్పై నాలుగేళ్ళు నేను చేసింది ఇదే. ఎక్కడెక్కడో పెద్ద కుర్చీల్లో కూర్చున్న నా శిష్యులంతా ఒకప్పుడు నా మొదటి బెంచీ కోసం కొట్టుకున్న వాళ్ళే.

ఆ కబుర్ల జంటను ముందు విడదీయి.

(అమ్మగారు ఉత్తరం తీసుకుని చదివారు. రెండు చోట్ల నా దీర్ఘాలు దిద్దించారు.)

అత్త

*

బడి, తొమ్మిది సి, ఖాళీ గది
ఆగస్టు 29

అత్తా,

నీ నోటిలో పంచదార పొయ్య! పని చేస్తోంది!

మొదటి సోమవారం బెంచీలు మార్చినప్పుడు నలభై ఒక్కమందీ సంచీలు పట్టుకుని చెప్పిన చోటికి వెళ్ళి కూర్చున్నారు. రెండో వారానికి ఆరుగురు సాయంత్రాలు ఆగి సందేహాలు అడిగారు. నన్ను, సందేహాలు! రెండో బెంచీ అబ్బాయి ఒకడు అర మార్కు కోసం నాతో పది నిమిషాలు వాదించాడు, నాకు వాడిని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెద్దసారుకు నీ పేరు తెలుసు; తలుపు దగ్గర నిలబడి చూసి, "మీ మేనత్తగారి పోలికలు బాగానే వచ్చాయమ్మా" అన్నారు. నాకు గర్వంగా ఉంది. దాచుకోవడం లేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. మొదటి పరీక్షలో గోడపిల్లకు ఇరవై మూడు వచ్చాయి, తరగతిలో మూడో స్థానం. నోరు తెరవని పిల్లకు అన్ని మార్కులేమిటని ఆశ్చర్యపోయాను. పొడుగుపిల్లకు ఆరు. ఆ సోమవారం గోడపిల్లను ముందుకు తెచ్చాను, పొడుగుపిల్ల వెనకే ఉంది. మరుసటి శుక్రవారం ఇద్దరికీ ఎనిమిది. కాకతాళీయం అనుకున్నాను. నువ్వు చెప్పిన నియమం ప్రకారం ఇద్దరూ మళ్ళీ పక్కపక్కనే, చివరి బెంచీలో. ఆ తర్వాతి వారం ఇద్దరికీ పదకొండు. నిన్న కూడా ఇద్దరికీ పదకొండే.

దీనికేమంటావు?

బుడ్డి

*

ఇల్లు, కిటికీ పక్క కుర్చీ
సెప్టెంబరు 7

బుడ్డికి,

అనడానికేముంది? ఆవులిస్తే పేగులు లెక్కపెట్టేదాన్ని, నన్నా అడుగుతున్నావు? మొదటి ఇరవై మూడూ పక్కవాళ్ళవి చూసి రాసినవి. ఇప్పుడు ఒకదాని కాగితం ఒకటి చూసి రాసుకుంటున్నాయి. సమాన మార్కులంటే కాపీయే, ఇందులో రెండో మాట లేదు. పరీక్షప్పుడు ఒకదానిని వేరే గదిలో కూర్చోబెట్టు, అసలు రంగు బయటపడుతుంది. పట్టుకున్నాక తరగతి అంతా చూస్తుండగా అడుగు. ఒకరిని అడిగితే నలభైమందికి బుద్ధి వస్తుంది.

నా చెయ్యి బాగానే ఉంది. మీ నాన్నకు ఏమీ చెప్పకు.

అత్త

*

(అదే కవరులో, బట్టల కొలతలు రాసుకునే చీటీ వెనకవైపు)

టీచరమ్మకు నమస్కారం.

ఈ చీటీ అమ్మగారికి తెలియకుండా పెడుతున్నాను. చెయ్యి బాగానే ఉందన్న మాట నేను చేతులారా రాశాను కానీ అది నిజం కాదు. అది వాపు కాదు. మే నెలలో అమ్మగారికి పక్షవాతం వచ్చింది. కాలు కుదురుకుంది, కుడిచెయ్యి మాత్రం రాలేదు. ఎడమచేత్తో రాయడం, బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకోవాలని ఆసుపత్రిలో చెప్పారు. మూడు వారాలు వెళ్ళారు, తర్వాత మానేశారు. బలవంతం చేస్తే మాట్లాడడం మానేస్తున్నారు. జాకెట్టు హుక్కులు పొద్దున్నే నేను వెళ్ళి పెడుతున్నాను. నేను చెప్పానని చెప్పినా ఫర్వాలేదు. తిడితే పడతాను.

పక్క వాటా ఆమె

*

బడి, మెట్ల కింద గది
అక్టోబరు 10

అత్తా,

ఈ ఉత్తరం దిద్దకు. కోపంలో రాస్తున్నాను, తప్పులుంటే ఉండనీ.

నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న శుక్రవారం గోడపిల్లను సైన్సు గదిలో ఒంటరిగా కూర్చోబెట్టాను, అటెండరును తలుపు దగ్గర పెట్టాను. పొడుగుపిల్ల నా కళ్ళ ముందు రాసింది. ఇద్దరికీ పన్నెండు.

మధ్యలో గోడ ఉన్నా ఇద్దరికీ పన్నెండు వచ్చాయంటే ఆగి ఆలోచించాలా, వద్దా? నేను ఆలోచించలేదు. ఏదో సైగ ఉంది, చీటీ ఉంది అనుకున్నాను. సోమవారం గోడపిల్లను తరగతి ముందు నిలబెట్టి జేబులు చూపించమన్నాను. 'దొంగ' అన్నాను. అత్తా, నా నోటితో నేనే అన్నాను. అది ఏడవలేదు, నేల చూస్తూ నిలబడింది. పొడుగుపిల్ల ఏడ్చింది.

సాయంత్రం ఆ కాగితం చించిపారేద్దామని చేతిలోకి తీసుకుంటే, కిటికీ వెలుగులో ఖాళీ జాగాల్లో ఏవో గీతలు కనబడ్డాయి. పెన్సిలుతో రాసి చెరిపేసినవి. వెలుగుకు అడ్డంగా పట్టుకుని చదివాను. వదిలేసిన లెక్కలన్నీ చేసి ఉన్నాయి. అన్నీ ఒప్పే. మొదటి బెంచీలో ఒక్కరికీ రాని ఆఖరి లెక్క కూడా, నేను చెప్పిన దానికన్నా రెండు మెట్లు తక్కువలో చేసింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర ఆపి అడిగాను.

"ఎందుకు చెరిపేశావు?"

"అవి దానికి రావు టీచర్."

"దానికి రాకపోతే నీకేం?"

"నాకొస్తే నన్ను ముందు బెంచీకి పంపుతారు కదా టీచర్. మరి దానికెవరు చెబుతారు?"

పొడుగుపిల్ల చిన్నప్పుడు తమ్ముణ్ణి చూసుకోవడానికి ఏడాదిన్నర బడికి రాలేదట. భిన్నాలు మొదలైంది ఆ ఏడాదిన్నరలోనే. తోటి పిల్ల కాబట్టి గోడపిల్లకు తెలుసు, నాకు తెలియదు. నేను రోజుకు నాలుగుసార్లు ఆపమన్న కబుర్లు కబుర్లు కావత్తా, పాఠం.

"వేరే గదిలో ఉన్నావు కదా, దానికెన్ని వస్తాయో నీకెలా తెలుసు?" అన్నాను.

నన్ను జాలిగా చూసింది. "దానికి నేర్పేది నేనే కదా టీచర్. ఏమొచ్చో, ఏం రాదో నాకు తెలీదా?"

నలభై ఒక్కమందికి నేర్పుతున్నానని జీతం తీసుకుంటున్నాను. వాళ్ళలో ఒక్కరికి ఏమొచ్చో నేను అలా చెప్పలేను.

"డిసెంబరులో కూడా ఇలాగే రాస్తావా?" అంటే ఏమందో తెలుసా? "మరి అదొక్కతే షెడ్డుకి పోతుందా టీచర్?" అంది. అదే నాకు నిద్ర లేకుండా చేస్తోంది. దానికి పన్నెండు వస్తే దీనికీ పన్నెండే. నూటికి నలభై ఎనిమిదే కదా అనకు, అది ఒక్క వారం పాఠానికి; డిసెంబరులో జూన్ నుంచి చెప్పిందంతా అడుగుతారు. పొడుగుపిల్ల అంచుమీద ఉంది, కాస్త జారితే ఇద్దరూ పోతారు. తరగతిలో అందరికన్నా లెక్కలు బాగా వచ్చిన పిల్ల అట్టపెట్టెలు అతికిస్తుంది, మన బెంచీల పుణ్యమా అని.

ఇంకొకటి. నీ చేతికి వాపు కాదని నాకు తెలిసిపోయింది. పక్క వాటా ఆవిడను ఏమీ అనకు. నాకెందుకు చెప్పలేదు? నేర్చుకోవడం ఎందుకు మానేశావు? నేను వచ్చేస్తానంటే రావద్దంటావని తెలుసు, అందుకే అడగడం లేదు. డిసెంబరు పరీక్షలయ్యాక సెలవులకు వస్తున్నాను.

బుడ్డి

*

ఇల్లు
అక్టోబరు 21

బుడ్డికి,

నా పద్ధతిని తప్పు పట్టేముందు నా వయసెంతో, నీ వయసెంతో చూసుకో. ఒక పిల్ల మూర్ఖంగా మార్కులు పారేసుకుంటే అది బెంచీల తప్పా? ముప్పై నాలుగేళ్ళలో నాకిలాంటిది ఒక్కటీ తగల్లేదు.

ఆసుపత్రి సంగతి అడిగావు కాబట్టి చెబుతున్నాను. పన్నెండుమందిని ఒక గదిలో కూర్చోబెడతారు. చిల్లుల పలక ఇచ్చి, పది నిమిషాల్లో ఎన్ని మేకులు గుచ్చారో లెక్కపెడతారు. ప్రతి శుక్రవారం ఆ లెక్క ప్రకారం గోడ మీద పేర్లు రాస్తారు. మూడు శుక్రవారాలూ నా పేరు అట్టడుగున ఉంది. నాకన్నా పైన ఒక ముసలాయన ఉన్నాడు, తన పేరు తాను రాయలేడు, కానీ మేకులు మాత్రం టకటకా గుచ్చేస్తాడు. నాలుగో శుక్రవారం నేను వెళ్ళలేదు.

"ముప్పై నాలుగేళ్ళు నువ్వు చేసిందీ అదే కదత్తా, మరి నీకెందుకు కోపం వచ్చింది?" అని అడగబోతున్నావు. అడగకు.

అత్త

*

(అదే కవరులో, కొలతల చీటీ)

టీచరమ్మకు,

పోయిన ఉత్తరం అమ్మగారు నన్నే చదివి వినిపించమన్నారు. కళ్ళద్దాలు దొరకలేదన్నారు, అవి ఒళ్ళోనే ఉన్నాయి. ఆ పిల్ల సంగతి చదివేటప్పుడు కళ్ళు తుడుచుకున్నాను. నలక పడిందని చెప్పాను.

మీకొక మాట చెప్పాలి, అమ్మగారికి చెప్పనని మాటివ్వండి. నేను అమ్మగారి దగ్గరే చదివాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు, రెండేళ్ళు. ఆవిడకు నేను గుర్తులేను. ఆ రెండేళ్ళూ చివరి బెంచీయే. ఒక్కసారి మాత్రం రెండో బెంచీకి వచ్చాను, ఒకే ఒక్క వారం. బోర్డు అంత దగ్గరగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ సోమవారం వెనక్కి నడిచి వెళ్ళేటప్పుడు నా సంచీ తెగి పుస్తకాలు కింద పడ్డాయి. అందరూ నవ్వారు, అమ్మగారు నవ్వలేదు, అది నిజం చెప్పాలి. పదో తరగతిలో చేరలేదు.

అమ్మగారి మీద కోపం లేదు. చాలా ఏళ్ళు ఉండేది. కుట్టుపని తక్కువదని కూడా అనను, ఈ చేతులే నా పిల్లలను పెంచాయి. కాకపోతే ఇది నేను ఎంచుకున్నది కాదు, మిగిలినది. జూలైలో బెంచీల గురించి మీకు రాయమని చెబితే ప్రతి అక్షరం రాశాను, కలం మాత్రం రెండుసార్లు కింద పెట్టాను.

అప్పట్లో నాకేం రాదో అందరూ చెప్పారు. నీకేమొచ్చని ఒక్కరు అడిగి ఉంటే బడిలో ఉండేదాన్నేమో. ఇది సలహా కాదమ్మా. చదువు లేనిదాన్ని, మీకు నేను సలహా చెప్పేంతదాన్ని కాదు.

పక్క వాటా ఆమె

*

బడి, తొమ్మిది సి
నవంబరు 18

అత్తా,

నెల రోజులు రాయలేదు. అలక కాదు. నీకు చెప్పడానికి ఏదైనా ఉండాలి కదా అని ఆగాను.

మొదట చేయాల్సింది మొదట చేశాను. తరగతి ముందే 'దొంగ' అన్నాను కాబట్టి తరగతి ముందే క్షమించమన్నాను. పిల్లలకు ఏం చేయాలో తెలియక చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. గోడపిల్ల మాత్రం "సరే టీచర్" అని కూర్చుంది.

తర్వాత బెంచీలు తీసేశాను. అంటే గదిలోంచి కాదు, మార్కుల్లోంచి; ఇప్పుడు ఎవరికి ఇష్టమైన చోట వాళ్ళు కూర్చుంటున్నారు. అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, 'నాకు వచ్చినది, ఇంకొకరికి నేర్పగలిగినది' ఒక్కటి రాయమన్నాను. ఈ ప్రశ్న నాది కాదు, ఒకావిడ ఇచ్చింది. పావుగంట ఎవరూ కలం కదపలేదు. "నాకేం రాదు టీచర్" అని పదిహేనుమంది అన్నారు. ఆ పదిహేనుమందీ అబద్ధం చెప్పడం లేదు, అలాగే నమ్ముతున్నారు. అది చూసి నాకు దుఃఖం వచ్చింది. చివరికి ఒకడు 'తొమ్మిదో ఎక్కం' అని రాశాడు. ఒకతె 'వృత్తలేఖిని జారకుండా పట్టుకోవడం' అని రాసింది. అర మార్కు అబ్బాయి 'వాదించడం' అని రాశాడు, దానిని కూడా తీసుకున్నాను. పొడుగుపిల్ల చీటీ ఖాళీగా ఇచ్చింది. గోడపిల్ల చీటీలో ఏముందో తెలుసా? దానికి వచ్చిన లెక్కలు కావు. 'దానికి భిన్నాలు ఎక్కడ ఆగిపోయాయో నాకు తెలుసు' అని.

ఇప్పుడు రోజూ ఆఖరి పీరియడు ఎవరికి కావలసినది వాళ్ళు వచ్చిన వాళ్ళ దగ్గర అడిగి నేర్చుకుంటారు. గదిలో సంత గోల. పక్క తరగతి టీచరు గోడ మీద కొడుతున్నారు. నేను ఒక్కొక్క బెంచీ దగ్గర కూర్చుని వింటున్నాను, అంతే. ఎవరు ఎక్కడ ఆగిపోయారో ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఇరవై ఆరు పేర్లయ్యాయి. మిగిలిన పదిహేనుమందిది ఇంకా తెలియదు, పరీక్షకు మూడు వారాలే ఉంది. అందరినీ గట్టెక్కించలేనని తెలుస్తోంది.

గోడపిల్లను అన్నీ రాస్తానని ఒట్టు వేయమన్నాను. వేయలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, మన ఇంట్లో పుట్టాల్సింది. "దానికెన్ని వస్తే నాకన్ని" అంటోంది.

అడగవద్దన్నావు కాబట్టి అడగడం లేదు, చెబుతున్నాను. అట్టడుగున నీ పేరు రాసిన గోడ దగ్గరికి మళ్ళీ వెళ్ళమని నేను అనను. కానీ ఆ గది ఒక్కటే బడి కాదు. నీ పక్క వాటాలో రోజంతా రెండు చేతులతో పని చేసే మనిషి ఉంది. ఎడమచెయ్యి గుడ్డను ఎలా నడిపిస్తుందో ఎప్పుడైనా చూశావా? ఆవిడకు ఏమొచ్చో అడుగు.

బుడ్డి

*

బడి, స్టాఫ్‌రూము, నా మూల
డిసెంబరు 19

అత్తా,

మార్కులు ఇచ్చారు. ముందు చెడ్డది. ఏడుగురు షెడ్డుకు వెళ్ళారు. ఆ ఏడుగురూ నా పుస్తకంలో పేరు ఎక్కని పదిహేనుమందిలోని వాళ్ళే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అక్టోబరు దాకా బెంచీలు జరపకుండా ఇదే చేసి ఉంటే వాళ్ళు ఇక్కడే ఉండేవాళ్ళు, నాకది తెలుసు. ఆఖరి పీరియడుకు వాళ్ళను నా గదికి పంపమని పెద్దసారుకు అర్జీ పెట్టాను. "చూద్దాం" అన్నారు. రేపు మళ్ళీ అడుగుతాను, ఎల్లుండీ అడుగుతాను.

పరీక్ష అయిన రోజు సాయంత్రం గోడపిల్ల నా దగ్గరికి వచ్చి, "దానికి నలభై ఒకటి వస్తాయి టీచర్" అని చెప్పి వెళ్ళింది. ముందు గోడపిల్ల కాగితం దిద్దాను. సరిగ్గా నలభై ఒకటి. తక్కినదంతా రాసి చెరిపేసింది. పొడుగుపిల్ల కాగితం తీశాను.

నలభై ఆరు.

మూడుసార్లు కూడాను. నీళ్ళ తొట్టి లెక్క ఒకటి ఇచ్చారు, ఐదు మార్కులు. ఒక పంపు తొట్టిని ఇంతసేపట్లో నింపుతుంది, ఇంకోటి అంతసేపట్లో, రెండూ కలిపి విప్పితే ఎంతసేపని. అచ్చంగా భిన్నాలు. గోడపిల్ల అది నేర్పలేదు, దానికి రాదనుకుని తానూ చెరిపేసింది. పొడుగుపిల్ల బొమ్మ గీసుకుని, తొట్టిని ముక్కలుగా కోసుకుని చేసింది.

ఇద్దరినీ పిలిచి కాగితాలు పక్కపక్కన పెట్టాను. గోడపిల్ల ఆ లెక్కను వేలితో ఒక్కొక్క వరుసే చదివింది.

"ఇది నేను నేర్పలేదే!"

"మా ఇంట్లో తొట్టి నింపేది నేనే కదవే" అంది పొడుగుపిల్ల, తప్పు చేసినదానిలా.

గోడపిల్ల నవ్వడం ఆరు నెలల్లో అదే మొదటిసారి విన్నాను. పెద్ద గొంతే. నవ్వీ నవ్వీ, కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అయితే ఇంక నేను అన్నీ రాసేయొచ్చా టీచర్?"

నేను తల ఊపాను. నెలాఖరు సెలవులకు బయలుదేరుతున్నాను.

బుడ్డి

*

ఇల్లు, కుట్టు మిషను పక్కన
డిసెంబరు 23

బుడ్డీ

ఇది నా ఎడమచెయ్యి. వంకర రాత. నవ్వితే నవ్వు. రెండు రోజుల నుంచి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టు అడిగాను. నీకేమొచ్చని. ఆవిడ మిషను ఆపింది. తర్వాత గుడ్డముక్క, సుద్ద ఇచ్చింది. కాగితం మీద వద్దంది. గుడ్డ మీద పెద్ద సున్నాలు గీయించింది. చెయ్యి జారితే గుడ్డ దులిపి మళ్ళీ ఇచ్చేది. ఎన్ని జారాయో లెక్కపెట్టలేదు. నెల అయింది.

ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నావమ్మా, ఎక్కడ చదివావు అన్నాను.

"మీ దగ్గరే టీచర్" అంది.

ఏ బెంచీ అని అడిగాను. చూడు, నా నోటికి మొదట వచ్చిన ప్రశ్న అది.

"చివరిది" అంది.

బుడ్డీ, నాకు ముఖం గుర్తు రాలేదు. పేరు చెప్పినా రాలేదు. మొదటి బెంచీ వాళ్ళు ముప్పై నాలుగేళ్ళ వాళ్ళూ గుర్తున్నారు. చివరి బెంచీలో ఒక్కరూ గుర్తు లేరు. ఇలాంటిది ఒక్కటీ తగల్లేదని నీకు రాశాను. తగలక కాదు. చూడలేదు. ఆ మాట రాయించింది కూడా ఆవిడ చేతనే.

ఏడ్చాను. దాచుకోవడం లేదు.

పదో తరగతి పరీక్షకు కట్టు, నేను చెబుతాను అన్నాను. "ఇప్పుడు నాకు అక్కర్లేదు టీచర్" అంది. కోపంగా అనలేదు. నిజంగా అక్కర్లేదు. ఇవ్వాల్సినప్పుడు ఇవ్వలేదు.

ఆ ఏడుగురి కోసం రోజూ అడుగు. పెద్దసారు కసిరినా అడుగు.

ఈ కాగితం ఆవిడకు చూపించాను. ఎన్ని మార్కులు వేస్తావన్నాను.

"మార్కులెందుకు టీచర్? 'ళ' ఇంకా తిరగడం లేదు, ఇంకో కాగితం తీసుకోండి" అంది.

తీసుకున్నాను.

అత్త